బిగుసుకుపోయిన బోల్టు, మాటకు అందని తెలివి

కారు ఛాసిస్‌లో ఏళ్ల తరబడి విప్పని బోల్టు తుప్పుతో బిగుసుకుపోతుంది. ఇనుము తుప్పుగా మారితే దానికి ముందున్న చోటుకు రెండింతల కంటే ఎక్కువే కావాలి. మరల మధ్య ఉండే సన్నని ఖాళీ ఆ తుప్పుతో పూడిపోయి బోల్టూ నట్టూ ఒకే ముద్దవుతాయి. ఉప్పుగాలి తగిలే విశాఖపట్నం, కాకినాడ వంటి ఊళ్లలో తిరిగే బళ్లకు ఈ బాధ తొందరగా వస్తుంది. అలాంటి బోల్టుకు పానా వేసి బలమంతా పెడితే చాలాసార్లు మర కదలదు, తలే తెగి చేతికొస్తుంది. లోపల మిగిలిన మొండిముక్కను తీయడం షెడ్డులో మామూలు పనే. తత్వశాస్త్రం ఎంతోకాలంగా వాదించుకుంటున్న ప్రశ్న ఒకటి ఆ పనిలోనే ఉంది: ఒక పని చేయడం తెలుసు అంటే దాని గురించి కొన్ని నిజాలు తెలుసు అనేనా, లేక అది మరో రకం జ్ఞానమా?

న్యాయ దర్శనం చెప్పే క్రమం స్పష్టంగా ఉంటుంది. ముందు జ్ఞానం, దాని వల్ల ఇచ్ఛ, ఇచ్ఛ వల్ల ప్రయత్నం, ప్రయత్నం వల్ల దేహంలో కదలిక. ఇలా చేస్తే మేలు జరుగుతుందనీ, ఇది తన వల్ల అవుతుందనీ తెలిశాకే మనిషి పనికి పూనుకుంటాడు. ఈ లెక్కన మెకానిక్ నేర్పు అంటే అతనికి ముందే తెలిసిన సంగతుల మొత్తం.

ఆ సంగతులు తక్కువేమీ కాదు. ముక్క కొంచెం బయటికి కనిపిస్తుంటే దాని మీద నట్టు పెట్టి, నట్టు రంధ్రం లోంచి వెల్డింగ్ చేస్తారు. ఆ వేడికి ముక్క ఉబ్బి చుట్టూ ఉన్న తుప్పును నలిపేస్తుంది, చల్లారాక తిరిగి కుంచించుకుంటుంది. అలా కాక చుట్టూ ఉన్న లోహాన్ని గ్యాసు మంటతో కాలిస్తే రంధ్రమే వెడల్పవుతుంది. 12 మిల్లీమీటర్ల ఉక్కు రంధ్రం 500 డిగ్రీల వేడి పెరిగితే విప్పారేది మిల్లీమీటరులో నూరింట 7 వంతులు మాత్రమే, కానీ తుప్పు పట్టు సడలడానికి అది చాలు. కొత్త బళ్లలో అధిక బలమున్న ఉక్కు భాగాలను మాత్రం ఇలా ఎర్రగా కాల్చకూడదు, వాటి బలం తగ్గిపోతుంది. ముక్క లోపలికే తెగిపోతే సరిగ్గా నడిమధ్యన పంచ్ కొట్టి, చిన్న బిట్టుతో మొదలుపెట్టి డ్రిల్ చేసి, ఎదురు మరలున్న ఎక్స్‌ట్రాక్టర్ దించి తిప్పుతారు. ఈ ఎక్స్‌ట్రాక్టర్ చాలా గట్టిది, అందుకే పెళుసు కూడా. అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్ బిట్టు దాన్ని గీకను కూడా గీకలేదు. మొదటి కష్టానికి రెండింతల కష్టం. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పాలి, పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం ఎటు పోతున్నాయో చూసుకోవాలి. ఇదంతా పుస్తకంలో రాయొచ్చు, చదివినవాడికి అర్థమవుతుంది కూడా.

రాయలేనిది ఆ తర్వాత వస్తుంది. వెల్డు చేసిన నట్టుకు పానా తగిలించి మెల్లగా ఒత్తిడి పెంచుతున్నప్పుడు రెండు రకాల కదలికలు ఉంటాయి. కిర్రుమంటూ, పట్టి వదిలినట్టు కదిలితే తుప్పు విడుతోందని అర్థం. చప్పుడు లేకుండా మెత్తగా, సాగినట్టు వస్తుంటే కదులుతున్నది మర కాదు, లోహమే మెలిపడుతోంది. ఇంకొంచెం ఒత్తితే మళ్లీ తెగుతుంది. ఆ మెత్తదనం తగలగానే ఆగి, వెనక్కి కొంచెం తిప్పి, నూనె వేసి, మళ్లీ ముందుకు రావాలి. ఎంత మెత్తన అయితే ఆగాలి? దానికి అంకె లేదు. ప్రతి బోల్టుకూ తుప్పు వేరు, లోపల మిగిలిన లోహం మందం వేరు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల కుర్రాళ్లు ఏళ్ల తరబడి పెద్ద మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకునేది ప్రధానంగా ఈ అంకె లేని కొలతనే.

తత్వవేత్త గిల్బర్ట్ రైల్ 1945లో ఎత్తిన అభ్యంతరం ఇక్కడ అతుకుతుంది. తెలివైన ప్రతి పనికీ ముందు ఒక నియమాన్ని ఆలోచించాలంటే, ఆ ఆలోచించడం కూడా ఒక పనే. దాన్ని తెలివిగా చేయడానికి మరో నియమం కావాలి. ఈ గొలుసుకు అంతు ఉండదు. జేసన్ స్టాన్లీ, టిమొతీ విలియమ్‌సన్ 2001లో దీన్ని ఒప్పుకోలేదు. చేతి నేర్పు కూడా నిజాలు తెలియడమే, కాకపోతే ఆ నిజం తెలిసే తీరు వేరని వాదించారు. వీళ్లందరికీ సుమారు 1,500 ఏళ్ల ముందే భర్తృహరి వాక్యపదీయంలో ఈ ముడి మీద చేయి వేశాడు. రత్నాలనూ నాణేలనూ పరీక్షించేవారి తెలివి అభ్యాసం వల్లే పుడుతుందనీ, అది అనుమాన ప్రమాణం వల్ల, అంటే తర్కించి తేల్చుకోవడం వల్ల వచ్చేది కాదనీ, ఇతరులకు వివరించి చెప్పగలిగేదీ కాదనీ అతని మాట. భాషే సర్వస్వం అన్నంతగా శబ్దాన్ని పైకెత్తిన తాత్వికుడే ఇలా మాటకు హద్దు గీయడం విశేషం. బోల్టు విషయంలో స్టాన్లీ పక్షం కంటే భర్తృహరి మాటే నిజానికి దగ్గరగా ఉంది.

అలాగని చెప్పలేని జ్ఞానాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1974 నాటి తన పుస్తకంలో మోటారు సైకిలు మూత మీద చిక్కుకుపోయిన ఒక్క స్క్రూను తీసుకుని, చిక్కుకుపోవడమే అసలైన గ్రహింపుకు మొదలని చెప్పాడు. ఆలోచన మంచిదే, కానీ బండి కోసం సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నవారికి ఆ చిక్కులో జ్ఞానోదయమేమీ కనిపించదు. చేతి తెలివిని నమ్మడానికి గట్టి కారణం వేరే ఉంది: దానికి జవాబు అక్కడికక్కడే వస్తుంది. అంచనా సరైతే ముక్క వస్తుంది, తప్పైతే తెగుతుంది. మాటలకు అందదు గనుక పరీక్షకూ అందదు అనే వాదన ఇక్కడ చెల్లదు.

జవాబు వెంటనే రాని చోట అదే చెయ్యి మోసపోతుంది. ముక్క తీసి, ట్యాప్‌తో మర శుభ్రం చేసి, తల మీద 8.8 అనో 10.9 అనో పాత బోల్టుకున్న గ్రేడుతోనే కొత్తది వేసి బిగించేటప్పుడు, పానా మీద పెట్టే బలంలో సుమారు 90 శాతం రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి భాగాలను నిజంగా పట్టి ఉంచేది మిగిలిన 10 శాతమే. మర కొంచెం పొడిగా ఉన్నా, కొంచెం నూనెగా ఉన్నా ఆ పాలు మారిపోతుంది, చేతికి మాత్రం తేడా తెలియదు. తప్పు బయటపడేది నెలల తర్వాత, రోడ్డు మీద. అందుకే విప్పేటప్పుడు మేస్త్రీ చేతిని నమ్మవచ్చు. బిగించేటప్పుడు కంపెనీ ఇచ్చిన అంకెనూ, టార్క్ పానానూ మాత్రమే నమ్మాలి.