గీతను జరుపవద్దు

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 19:14



పూర్వికులు పాతిన పొరుగువాని సరిహద్దు రాతిని తీసివేయరాదని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. సరిహద్దు ఎందుకు? ఆటస్థలములోని తెల్లని గీతలు సహితము మనకు దీనిని బోధించగలవు.

ఫుట్‌బాల్ ఆటస్థలము నడుమ ఒక వలయముండును. దాని కేంద్రమునుండి అంచునకు దూరము 9.15 మీటర్లు. ఆట ఆరంభించువాడు బంతిని తన్నువరకు ఎదుటి పక్షమువారు ఎంత బలవంతులైనను ఆ వలయము వెలుపల నిలువవలసినదే. ఆ గీత ఎదుటివానికి చోటు కాపాడుచున్నది.

ఈ ఆటలో గీత కూడ ఆటస్థలములోని భాగమే. బంతి పూర్తిగా దాటిననే గోలు. 1966లో లండనులోని వెంబ్లీ మైదానమున ప్రపంచ కప్పు అంతిమ పోటీలో ఇంగ్లండువారు కొట్టిన బంతి పైకొయ్యకు తగిలి గోలు గీతయొద్ద పడెను. రెఫరీ తన సహాయకుని నడిగి గోలు ఇచ్చెను. అది పూర్తిగా దాటెనా అను వాదము నేటికిని తీరలేదు. అయినను ఓడిన పశ్చిమ జర్మనీవారు గాని, గెలిచినవారు గాని గీతను చెరిపి మరియొకచోట గీయలేదు.

అమెరికావారి ఫుట్‌బాల్ వేరు. అందులో అండాకారపు బంతిని చేతబట్టి పరుగెత్తుదురు. గోలు గీతల నడుమ 100 గజములు. ప్రతి 5 గజములకు ఒక అడ్డుగీత. నాలుగు ప్రయత్నములలో 10 గజములు సాగవలెను. మన పొలములను కొలిచినట్లే అక్కడను గొలుసుతో కొలుచుటయు కలదు. అంగుళము తగ్గినను చాలదు. పక్కగీత అక్కడ వెలుపలి భాగము. బంతి పట్టినవాని పాదము దానిని తాకినను బయటపడినట్లే. “నేను గీతమీదనే యున్నాను గదా” అని వాదించిన చెల్లదు. గీతకు అర్థము చెప్పునది ఆటగాని కోరిక కాదు, ముందుగా నియమింపబడిన చట్టము.

సహోదరులారా, ఆటలో గీత దాటినవానిని చూచుటకు రెఫరీ యుండును. తెల్లవారుజామున దుక్కి దున్నువాని నెవరు చూతురు? ఏటేట బెత్తెడు చొప్పున విధవరాలి గట్టును తన చేనిలో కలుపుకొనువాడు ఆదివారమున మన ప్రక్కనే కూర్చుండవచ్చును. విధవరాలి పొలిమేరను దేవుడే స్థిరపరచునని సామెతల గ్రంథము 15:25 తెలుపుచున్నది.

ఈ దుక్కి కాలమున మన గట్లను మనమే చూచుకొందము. జరిపినది యున్నయెడల, పొరుగువాడు అడుగకమునుపే తిరిగి యిత్తము. అట్టి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.