పాడువారి ధర్మము – వినువారి ధర్మము

నవవిధ భక్తులలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. ప్రహ్లాదుడు తండ్రికి విన్నవించిన ఈ క్రమమును ఎరుగని వైష్ణవ గృహము లేదు. అయినను కీర్తించువారి నియమములను గూర్చి జరిగినంత విచారము వినువారి నియమములను గూర్చి జరుగలేదు. పాడుటకు శిక్షణ కావలెనని అందరును ఒప్పుకొందురు. వినుటకును శిక్షణ కావలెనని, వినుటలోను ధర్మాధర్మములు కలవని తలచువారు అరుదు. లేతవయస్సులోని గాయకుడో గాయనియో భగవత్సన్నిధిని కూర్చుండి పాడునపుడు ఈ విషయము మన యెదుటికి వచ్చి నిలుచును.

ఉత్సవదినములలో ఆలయ మంటపములయందు ఇట్టి సన్నివేశము సాధారణము. పదునాలుగు, పదునైదేండ్ల బాలిక తంబురతో శ్రుతి కలుపుకొని అన్నమాచార్యులవారి సంకీర్తన నొకదానిని అందుకొనును. కంఠము మధురమైనది. పల్లవి మొదటి ఆవృత్తముననే వినువారి మనస్సు స్వామివైపు తిరుగును. కాని తారస్థాయి షడ్జమమును చేరబోవునపుడు శ్రుతి వెంట్రుకవాసి జారును. చరణమున ఊపిరి చాలక ఒక పదము నడుమ విరుగును. ఉత్సాహముచేత నడక కొంత పరుగుపెట్టును. శ్రోతలలో ఒకరు తొడపై తాళము వేయుచు తప్పులను లెక్కించుచుందురు. వేరొకరు ప్రక్కవారితో మాటలలో మునిగియుండి, పాట ముగియగానే “అద్భుతము!” అని చప్పట్లు చరతురు. మరియొకరు శ్రుతి జారినదనియు ఎరుగుదురు, ఆ కంఠమునకు కన్నీరును పెట్టుకొందురు. ఈ మువ్వురిలో ఆ బాలికకును, ఆ సంకీర్తనకును న్యాయము చేసినవారెవరు? తప్పు తెలిసియు మెచ్చుకొనుట సత్యమునకు దూరమగునా? తప్పును ఎత్తిచూపుట దయకు దూరమగునా?

మొదట శాస్త్రమేమనునో చూడవలెను. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆస్థానమున వెలసిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున కంఠమును గూర్చి విపులముగా చెప్పెను. అభ్యాసము లేకున్నను రాగమును వ్యక్తము చేయగల శక్తి ధ్వనికి సహజముగా ఉన్నయెడల దానిని ‘శారీరము’ అందురని, శరీరముతో కూడ పుట్టుటచేత దానికి ఆ పేరు వచ్చినదని ఆయన నిర్వచనము. మంచి గొంతును “మంచి శారీరము” అని మన పెద్దలు అనుట ఈ శాస్త్రపదమును అనుసరించియే. కంఠధ్వనికి పదునైదు గుణములు, ఎనిమిది దోషములు ఆయన చెప్పెను. గాయకుని దోషములను వేరుగా ఇరువదియైదింటిని పేర్కొనెను.

ఆ ఇరువదియైదును ఒకే జాతివి కావు. భయముతో పాడుట, తొందరతో పాడుట, వణకుచు పాడుట అను మూడును వానిలో కలవు. ఇవి తొలిసారి సభనెక్కిన ఏ పసివారికైనను తప్పనివి. అవధానము లేక పాడుట కూడ ఆ పట్టికలోనిదే. అది వయస్సును బట్టి వచ్చునది కాదు, మనస్సును బట్టి వచ్చునది. దేహధర్మమును కూడ లెక్కింపవలెను. యౌవనారంభమున బాలుర స్వరతంత్రులు పొడవై దళసరియగుటచేత గొంతు సుమారు ఒక స్థాయి క్రిందికి దిగును. నిన్న అవలీలగా పలికిన స్వరము నేడు పగులును. అందుకు ఆ బాలుని నిందించువారు, మీసము మొలచినందుకు నిందించినట్లే. కాగా దోషమును వినిన వెంటనే అది ఎచటినుండి వచ్చినదో విచారింపవలెను. వయస్సు తెచ్చిన దానిని వయస్సే తీసికొనిపోవును. అభ్యాసలోపమును అభ్యాసము తీర్చును. అశ్రద్ధవలన కలిగిన దానికి మాత్రమే మందలింపు తగును.

ఇచట ఒక ఆక్షేపము పుట్టును. స్వరదోషమును ఇంత తేలికగా తీసికొనుట మన సంప్రదాయమునకు సమ్మతమేనా? త్వష్ట కథ ప్రసిద్ధము. ఇంద్రునిపై కోపముతో, వానిని సంహరింపగల కుమారుని కోరి, త్వష్ట హోమము చేసెను. ‘ఇంద్రశత్రు’ పదమును ఉచ్చరించుటలో స్వరము తప్పెను. ఇంద్రుని చంపువాడు అను అర్థము పోయి, ఇంద్రునిచే చంపబడువాడు అను అర్థము వచ్చెను. పుట్టిన వృత్రాసురుడు ఇంద్రుని చేతనే హతుడయ్యెను. సాహిత్యమున అక్షరము తప్పినను ఇట్టిదే. ‘సకలము’ అనిన సమస్తము. ‘శకలము’ అనిన ముక్క. సకలలోకములకు నాథుడైన స్వామిని ఒక్క అక్షరము మార్చి ముక్కలకు నాథుని చేయుట ఎట్లు క్షమింపదగును?

దీనికి ఎదురుగా మరియొక మాటయు పెద్దలు చెప్పుదురు. ‘విష్ణవే’ అని నమస్కరింపవలసిన చోట వ్యాకరణ మెరుగనివాడు ‘విష్ణాయ’ అనినను, జనార్దనుడు భావగ్రాహి గనుక పండితునికిచ్చిన ఫలమునే వానికిని ఇచ్చునట. ఆండాళ్ తల్లి తిరుప్పావై ఇరువదియెనిమిదవ పాశురములో గోపికలచేత చేయించిన విన్నపము ఇంకను మృదువైనది. తాము ఏమియు ఎరుగని పిల్లలమనియు, ప్రేమచేత స్వామిని చిన్నపేర్లతో పిలిచితిమనియు, అందుకు కోపింపరాదనియు వారు వేడుకొందురు. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు మారుగా ఈ తిరుప్పావైయే స్వామికి వినిపింపబడును. అనగా పిల్లల తప్పును మన్నింపుమను ప్రార్థనతో కూడిన ప్రబంధమునే స్వామి తొలిపలుకుగా వినుచున్నాడు.

త్వష్ట కథకును గోపికల ప్రార్థనకును విరోధము కలదా? నిదానించి చూచిన లేదు. త్వష్ట శబ్దబలముచేత ఫలమును లోబరచుకొనగోరెను. శబ్దమునే నమ్మినవానికి శబ్దమే తీర్పు చెప్పెను. కీర్తన అట్టిది కాదు, అది సమర్పణము. సమర్పించిన దానిని స్వీకరించువాడు ఒకడున్నాడు, ఆయనకు హృదయమున్నది. అయినను ఒక సూక్ష్మమును విడువరాదు. గోపికలు తాము చేసినది తప్పు కాదనలేదు. తప్పని ఒప్పుకొనియే మన్నింపు కోరిరి. ప్రేమ తప్పును ఒప్పుగా మార్చలేదు, దానిని స్వామి యెదుట ఉంచుటకు ధైర్యము నిచ్చినది.

ఈ విచారమునకు మూలసూత్రము ఇచటనే దొరకును. భావగ్రాహిత్వము స్వీకరించువాని గుణము. దానిని సమర్పించువాడు తనకు సాకుగా వాడుకొనరాదు. దోషమును సహించుట వినువారి ధర్మము, దోషమును సవరించుకొనుట పాడువారి ధర్మము. ఇవి తారుమారైనచో రెండు పక్కలను నష్టమే. “భావమున్నది, చాలదా?” అని గాయని తనలో తాననుకొనిన నాడు ఆమె సాధన ఆగిపోవును. స్వామికి తరుగని తులసిని వాడిపోయిన దళములతో కలిపి సమర్పించినట్లగును. “శ్రుతి లేదు, ఏమి పాట?” అని శ్రోత మంటపముననే తీర్పు చెప్పిన నాడు, గురువు చేతిలో ఉండవలసిన బెత్తమును అధికారము లేనివారు పుచ్చుకొన్నట్లగును.

ఆ బెత్తపు దెబ్బ ఎచట తగులునో కూడ తలచుకొనవలెను. పెద్దలు నలుగురిలో నవ్వుచు అనిన ఒక్క మాటకు పాటనే మానుకొన్న పిల్లలు ప్రతి ఊరిలోను ఉందురు. ఆ మాట అనినవారు ఇంటికి చేరునప్పటికే మరచిపోవుదురు. వినిన పిల్ల మాత్రము పెండ్లియై, పిల్లలను కని, ధనుర్మాసపు తెల్లవారుజామున తన ఇంట పాశురమును పెదవులతోనే గొణుగుకొనును, గొంతు విప్పదు. తల్లి పాడగా వినని బిడ్డలకు పాట అలవడుట కష్టము. ఒక తప్పును దిద్దబోయి ఒక వంశపు కీర్తననే నిలిపివేసిన పాపము ఎవరిది?

వినకయే చేసెడి పొగడ్త దీనికంటె మేలని తలపరాదు. చప్పట్లు చరచిన రెండవ శ్రోత బాలికకు ఏమియు ఇవ్వలేదు. ఏది బాగున్నదో ఎరుగనివాని మెప్పు, ఏది బాగులేదో ఎరుగనివాని నిందతో సమానము. పిల్లలు దీనిని గ్రహింపలేరనుకొనుట పొరపాటు. శ్రుతి జారినదని పాడిన పిల్లకు అందరికంటె ముందుగా తెలియును. ఆ తరువాత వచ్చిన “అద్భుతము” అను మాట ఆమెకు రెండు పాఠములలో ఒకటి నేర్పును: పెద్దలకు సంగీతము తెలియదనియైనను, సత్యము అక్కరలేదనియైనను.

అట్లయిన దోషము తెలిసియు ఆనందించుట ఎట్లు? శ్రీవైష్ణవాచార్యులు భగవద్గుణములలో వాత్సల్యమును గూర్చి చేసిన చర్చ ఇచట వెలుగు చూపును. ‘వత్స’ మనగా దూడ. అప్పుడే పుట్టిన దూడపట్ల ఆవునకు గల ప్రేమ వాత్సల్యము. ఆశ్రితుని దోషములను స్వామి చూడకుండుటయే వాత్సల్యమని వేదాంతదేశికుల సంప్రదాయము. దూడ ఒంటిపై నున్న మాలిన్యమును ఆవు ప్రీతితో నాకినట్లు, స్వామి ఆ దోషములనే భోగ్యముగా స్వీకరించునని పిళ్ళైలోకాచార్యుల సంప్రదాయము. ఈ రెండింటిలో ఏది సిద్ధాంతమో నిర్ణయించుట ఆచార్యుల పని. పిల్లల పాట వినువారికి మాత్రము రెండును ఉపకరించును.

భయముచేత కలిగిన వణకును, లేతగొంతు పగులును చూడకుండుట మొదటి మార్గము. తారషడ్జమమున జారిన శ్రుతియందు రెండవ మార్గము పనికివచ్చును. ఆ బాలిక తనకు అందు స్వరములలోనే తిరుగుచు నిర్దోషముగా పాడి ముగింపవచ్చును. అట్లు చేయక, సంకీర్తన కోరిన ఎత్తునకు చేయి చాచినది. చేయి చాచినందుననే జారినది. ఆ జారుటలో ఆమె ఎంత దూరము పోదలచినదో వినబడును. అందుచేతనే దానిని వినిన పెద్దల కంట నీరు వచ్చును. అజాగ్రత్తవలని తప్పు ఇట్లు వినబడదు. ఇంకొక మాట. ఆవు నాకుట మాలిన్యమును ఉండనిచ్చుటకు కాదు. నాకిన కొలది దూడ మేను శుభ్రమగును. కొంతసేపటికి వణకు కాళ్ళతోనే లేచి నిలుచును.

సూక్ష్మముగా వినగల చెవికి కోమలహృదయము ఉండదను అపోహయు కలదు. నాథమునుల చరిత్ర దీనిని తొలగించును. చోళరాజు సభలో దివ్యగానము చేసిన ఒక గాయనికి ఆదరము లభింపలేదు. లోకమునకు పరిచితమైన గానమునే రాజు మెచ్చెను. ఆమె వీరనారాయణపురమునకు వచ్చి మన్ననార్ సన్నిధిని పాడగా, నాథమునులు పరవశులై ఆదరించిరి. రాజు విస్మయమొంది కారణమడుగగా, ఆయన అనేక తాళములను ఒక్కసారిగా మ్రోగింపించి, ఆ నాదమును బట్టియే ఒక్కొక్క తాళపు బరువును చెప్పిరని గురుపరంపరా కథనము. సభ తిరస్కరించిన గానమును ఆదరించినది ఏమియు తెలియని చెవి కాదు, ఇంతటి నిశితమైన చెవి. నాలాయిరమును గానయోగ్యము చేసి మేనల్లుండ్రకు నేర్పినవారును వారే.

రామాయణ ప్రారంభమున కుశలవుల గానమును వినిన మునుల నడవడియు అనుసరణీయము. వాల్మీకి శిక్షణలో ఆరితేరిన ఆ బాలురు పాడగా, ఆనందించిన మునులు తమయొద్ద ఉన్నదానినే ఇచ్చిరి. ఒకరు కలశమును, ఒకరు వల్కలమును, మరియొకరు కృష్ణాజినమును ఇచ్చిరి. రాముడు సింహాసనముపై ఉండియే వినవచ్చును. అయినను మెల్లగా దిగివచ్చి సభలోని వారితో కలిసి వినెను. పసివారి పాటకు ఎత్తైన ఆసనమునుండి తీర్పరివలె గాక, సమానముగా కూర్చుండి వినవలెనని ఇంతకంటె ఎవరు చెప్పగలరు?

గృహస్థులకు ఆచరణయోగ్యమైన విషయములు కొన్ని కలవు. మెచ్చుకొనునపుడు నిజముగా వినిన ఒక్క విషయమును పేర్కొనవలెను. “రెండవ చరణమున స్వామి నామమును నీవు నిలిపిన తీరు బాగున్నది” అనిన మాట నూరు “అద్భుతము”ల పెట్టు. తప్పును చెప్పవలసివచ్చిన గురువు ద్వారా, ఏకాంతమున, ఒక్కసారి చెప్పవలెను. సాహిత్యమున అర్థము చెడిన తప్పును మాత్రము ఉపేక్షింపక ఆ పదమునకు అర్థమును వివరింపవలెను; అర్థము తెలిసిన నాలుక మరల తప్పదు. ఇంటింట వినబడు గొప్పవారి గానముతో పసివారిని తూచరాదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాత గానము 1963లో వెలువడినది. 1916లో జన్మించిన ఆమె అప్పటికి మూడు దశాబ్దములకు పైగా సాధనలో గడిపియుండిరి. పండిన కంఠముతో మొగ్గకంఠమును పోల్చుట రెండింటికిని అన్యాయము.

అన్నమాచార్యులకు పదునారేండ్ల ప్రాయమున స్వామి ప్రత్యక్షమయ్యెనని తాళ్ళపాకవారి రాగిరేకులు చెప్పుచున్నవి. 1424లో మొదలైన ఆ సంకీర్తన 1503లో ఆయన పరమపదించువరకు సాగెను. ఆయన పాండిత్యము పండువరకు స్వామి వేచియుండలేదు. పదునారేండ్ల గొంతునే ముందు అంగీకరించెను. ఆపైని దాదాపు ఎనుబదియేండ్లు దానిని వినుచునేయుండెను. మంటపమున కూర్చున్న భక్తులు ఆయనతో కలిసి వినుచున్నారు. శ్రుతి కలుపుకొనుచున్న పసిగొంతు వినబడినపుడు మాటలు చాలించి, కొంచెము దగ్గరగా జరిగి కూర్చుండుట వారు చేయదగిన మొదటి సేవ.