పామును తాడనుకోవడం

గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ అనే బాక్టీరియా హయాలురోనిక్ ఆమ్లంతో చేసిన తొడుగు కప్పుకుని ఉంటుంది. మనిషి కీళ్ళ మధ్య జిగురుగా ఉండేదీ, చర్మంలో తేమను పట్టి ఉంచేదీ ఆ పదార్థమే. రసాయన నిర్మాణంలో రెండింటికీ తేడా లేదు. తొడుగు దట్టంగా ఉన్న రకాలను ప్రయోగశాలలో రక్తం కలిపిన అగార్ మీద పెంచితే కాలనీలు మంచుబిందువుల్లా తడితడిగా మెరుస్తాయి. ఆ తడి తొడుగుదే.

ఒంట్లో చొరబడినదాన్ని ముందుగా పసిగట్టవలసింది సహజ రోగనిరోధక వ్యవస్థ. రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు సూక్ష్మజీవికి అంటుకుని గుర్తు వేస్తాయి. ఆ గుర్తును బట్టి భక్షక కణాలు దాన్ని మింగుతాయి. స్ట్రెప్టోకాకస్ మీద సన్నని వెంట్రుకల్లా నిలిచే ఎం ప్రోటీన్ ఆ గుర్తును సరిగా పడనివ్వదు. తొడుగు భక్షక కణాన్ని అంటనివ్వదు. తొడుగు తయారుచేసే జన్యువులను చెడగొడితే ఎలుకల్లో స్ట్రెప్టోకాకస్‌కు రోగం తెచ్చే శక్తి బాగా తగ్గింది.

దీన్ని వైద్యులు సైతం మారువేషమనీ మోసమనీ అంటారు. మోసానికి తలంపు ఉండాలి. బాక్టీరియాకు మనసు లేదు, భక్షక కణానికి నమ్మకాలు లేవు. మరి మోసం చేసిందెవరు?

మసకచీకట్లో తాడు పాములా తోచడం అద్వైతులు తరచూ చెప్పే ఉదాహరణ. అక్కడ తాడు చేసిన తప్పేమీ లేదు, పొరపాటు చూసినవాడిది. ఇక్కడ అది తిరగబడి పామే తాడులా తోచింది. అయితే పోలిక ఒకచోట తెగిపోతుంది. భ్రాంతి వల్ల తాడుకు ఒరిగేదేమీ లేదు. స్ట్రెప్టోకాకస్‌కు మాత్రం బతుకే దక్కుతుంది. కంటపడనివే మిగిలి సంతతిని పెంచాయి కనుక తొడుగు తరతరాలుగా నిలిచింది. సంకల్పం చేయవలసిన పనిని ప్రకృతి వరణమే చేసిపెట్టింది. బౌద్ధంలో చేతన, అంటే సంకల్పమే కర్మ. ఆ లెక్కన ఇక్కడ కర్మ లేదు, ఫలం ఉంది. మోసమనే మాట ఆ ఫలానికి చెల్లుతుంది గాని, పాపమనే మాటకు ఇక్కడ చోటు లేదు.

భ్రాంతి అక్కడితో ఆగదు. గొంతునొప్పి తగ్గిన కొన్ని వారాలకు కొందరు పిల్లల్లో రుమాటిక్ జ్వరం వస్తుంది. ఎం ప్రోటీన్‌పై తయారైన యాంటీబాడీలు, దానిని పోలిన గుండె కణజాలాన్నీ పట్టుకుంటాయి. ఈసారి తాడే పాముగా కనిపిస్తుంది. దెబ్బ గుండె కవాటాలకు తగులుతుంది. ఆ బిడ్డకు ఏళ్ళ తరబడి మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించాలి.