కానరానిది లేనిదేనా?

నేలపై కుండ లేదని చెప్పుట పసిబాలునికైనను సులభమే గాని, ఆ లేమిని దేనిచేత తెలిసికొంటివని యడిగినచో మహాపండితులును తడబడుదురు. ఉన్న కుండ కంటి కగపడును. లేని కుండతో కంటికి సంబంధమెట్లు కలుగును? ఈ చిక్కును విప్పుటకై భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధి (కానరాకపోవుట) యను ప్రత్యేకప్రమాణము నంగీకరించిరి. నైయాయికులు ప్రత్యక్షమే చాలుననియు, అనుపలబ్ధి దానికి సహకారి మాత్రమే యనియు వాదించిరి. ఇంత కలహించిన యీ యుభయపక్షములును ఒక్క నియమమున మాత్రము ఏకీభవించినవి: కానరాకపోవుట యెల్ల లేమికి సాక్ష్యము కాదు, ఉండిన యెడల తప్పక కానవచ్చి యుండెడిది కానరానప్పుడే అది లేదని నిశ్చయింపవచ్చును. దీనికే యోగ్యానుపలబ్ధి యని పేరు. చిమ్మచీకటిలో కుండ కనబడలేదు గనుక కుండ లేదనువాని మాట చెల్లదు.

“స్కానులో ఏమీ లేదు” అని వైద్యుడు చెప్పగా విని ఊపిరి పీల్చుకొని యింటికి మరలు రోగికి ఈ తర్కముతో పనియున్నదా యని కొందఱు శంకింపవచ్చును. పని యున్నది; నేడు మునుపటికంటె నెక్కువగా నున్నది.

దేహమందలి హైడ్రోజన్ కేంద్రకములను బలమైన అయస్కాంతక్షేత్రమున నుంచి, రేడియోతరంగములతో కదలించి, అవి తిరిగి వెలువరించు సన్నని సంకేతమునుండి లోపలి యవయవముల చిత్రమును కూర్చుట ఎం.ఆర్.ఐ. పద్ధతి. ఈ విద్యను రూపొందించినందులకే లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డులకు 2003లో నోబెల్ బహుమానము లభించినది. పెద్ద యాసుపత్రులలోని యంత్రముల బలము సాధారణముగా 1.5 టెస్లాలు గాని 3 టెస్లాలు గాని యుండును. వానిలోని తీగచుట్టలను ద్రవహీలియముతో సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో నుంచవలెను. ఇంత సంరంభము చేసినను, 1.5 టెస్లాల వద్ద క్షేత్రము వైపు మొగ్గిన కేంద్రకములకును ఎదురు మొగ్గిన వానికిని గల తేడా కోటికి సుమారు ఏబది మాత్రమే. ఆ స్వల్పాధిక్యమే మనకు వినబడు సంకేతమున కాధారము. దీనికి భిన్నముగా, 2020లో అమెరికాలో అనుమతి పొందిన హైపర్‌ఫైన్ సంస్థవారి యంత్రము బలము 0.064 టెస్లా మాత్రమే, దానిని చక్రములపై రోగి మంచము కడకు నడిపించుకొనిపోయి గోడలోని మామూలు ప్లగ్గునకు తగిలింపవచ్చును. హీలియము లేదు, ప్రత్యేకమైన గది లేదు. కాని అచ్చట ఆ తేడా కోటికి రెండునకు దిగజాఱును. సంకేతము రొదలో మునిగి చిత్రము మసకబాఱును.

ఆ మసకను తొలగించుటకే డీప్ లెర్నింగు వచ్చినది. స్పష్టమైన చిత్రములను, వానినే బుద్ధిపూర్వకముగా చెఱిపిన ప్రతులను జతలుజతలుగా చూపి, చెడినదానినుండి మంచిదానిని ఊహించుట కంప్యూటరునకు నేర్పుదురు. పిమ్మట నెన్నడును చూడని రోగి యొక్క మసకచిత్రము నిచ్చినచో, అది స్పష్టమైన చిత్రమును తీర్చి యిచ్చును. ఇది ప్రత్యక్షమా? ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున జ్ఞానమును స్మృతి, అనుభవములని రెండుగా విభజించెను. ఈ రోగి తలనుండి వచ్చిన సంకేతము అనుభవస్థానమున నున్నది. పూర్వము చూచిన తలలనుండి నేర్చిన పోలిక స్మృతిస్థానమున నున్నది. తుదిచిత్రమున రెండును క్షీరనీరములవలె కలిసిపోవును. ఇట్టి కలయికను నైయాయికు లెఱుగనివారు కారు. దూరమున చందనపు దుంగను చూచి పరిమళించుచున్నదని యెఱుగుట వారి మతమున జ్ఞానలక్షణ ప్రత్యక్షము. మెఱయుచున్న ముత్యపుచిప్పను చూచి వెండి యనుకొనుటయు ఆ మార్గముననే కలుగు భ్రమ. రెంటియందును పూర్వస్మృతియే కంటికి వస్తువు నందించుచున్నది. కావున ఏది యథార్థమో చిత్రమే చెప్పజాలదు, వెలుపలినుండియే పరీక్షింపవలెను.

అట్టి పరీక్ష యొకటి జరిగినది. యుగాండాలో శైశవమున సోకిన జబ్బుల తరువాత తలలో నీరు చేరిన పసివారు అనేకులు కలరు. మెదడులోని కోష్ఠములు ఉబ్బి, చుట్టునున్న మెదడు పలుచని యంచువలె మిగులును. అట్టి శిశువుల ఎక్స్‌రేలతో తీసిన సి.టి. చిత్రములను ఉద్దేశపూర్వకముగా చెఱిపి, కొన్నిటికి డీప్ లెర్నింగుతో మెఱుగుపెట్టి, పేదదేశములలో పనిచేసి యలవాటుపడిన ముగ్గురు శస్త్రవైద్యులకు చూపిరి. 2021లో వెలువడిన ఫలితము విచిత్రమైనది: మెఱుగుపెట్టిన చిత్రములు ఉపయోగకరముగా తోచినవి గాని, వానిలో నిర్మాణదోషములు చొరబడి చికిత్సను పెడదారి పట్టించు ప్రమాదము కలదు, ఆ నీటికి చేయవలసిన చికిత్సను నిర్ణయించుటకు మాత్రము, మామూలుగా పనికిరాదని త్రోసివేయు మసకచిత్రములును ఉపయోగపడగలవని తేలినది.

లేని వెండిని చూచుటకంటె ఉన్న కుండను లేదనుట ఇచ్చట పెద్ద యపాయమని నా యభిప్రాయము. చిత్రమున లేని మచ్చ తోచినచో వైద్యుడు మఱియొక పరీక్ష చేయించును. ఉన్న మచ్చ మాయమైనచో దానిని వెదకువా డెవడు? స్కాను చిత్రములను కూర్చు కొన్ని డీప్ లెర్నింగు పద్ధతులలో చిన్న గడ్డవంటి మార్పు తుదిచిత్రమునకు ఎక్కకపోవచ్చునని 2020లో హాన్సెన్ మున్నగు గణితశాస్త్రజ్ఞులు చూపిరి. మసకచిత్రము తన యయోగ్యతను తానే చాటుకొనును. దానిని చూచి యెవడును లేదని ప్రమాణము చేయడు. మెఱుగుపెట్టిన చిత్రమో, ఎరువు తెచ్చుకొన్న స్పష్టతతో, లేని యోగ్యతను నటించును.

రేడియాలజిస్టు సైతము పూర్వసంస్కారముతోనే చూచునుగదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని యాతని సంస్కారము ఆతని బుద్ధియందే యుండును, చిత్రమును మార్చదు, వేఱొకడు అదే చిత్రమును చూచి యాతనితో విభేదింపవచ్చును. స్మృతి చిత్రములోనికే ప్రవేశించినచో విభేదమునకు తావు మిగులదు. మఱి, ఏ స్కానును లేని యూరికి ఈ మాత్రమైనను మేలుగదా యందురు. మేలే, ఆ మేలును కాదనుట క్రూరత్వమగును. అయితే పేదవాని కిచ్చు ప్రమాణము చిన్నది కావచ్చును గాని, చిన్నదని దాచి యిచ్చుట తగదు. కావున మెఱుగుపెట్టిన ప్రతి చిత్రముతోను మెఱుగుపెట్టని మూలచిత్రమును జతపఱుపవలెను; “ఏమీ లేదు” అని వ్రాయు ప్రతి రిపోర్టునందును, ఎంత పరిమాణము గల దోషము ఈ యంత్రమునకు తప్పక కనబడియుండెడిదో వ్రాయవలెను. ఆ మాట లేని రిపోర్టును ‘తెలియదు’ అనియే చదువుకొనవలెను.