ఎవరి పాపం?

నేను దేవుణ్ణి నమ్మను. అయినా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక కిరస్తానీ ముసలమ్మ నన్ను చిక్కులో పడేసింది.

కొడుకు మూత్రపిండాల జబ్బుతో చనిపోయాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉన్న నాలుగు కొబ్బరిచెట్లనూ కూల్చింది. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో ఇటువంటి ఇళ్లు ఎన్నో. జబ్బుకు కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. తేలనిచోట దేవుడు దూరడం సులువు. ఇరుగుపొరుగు కర్మ అన్నారు. పాస్టరుగారు పరీక్ష అన్నారు. రెండూ ఒకటేనని నా అభిప్రాయం.

యోహాను సువార్తలో ఒక పుట్టుగుడ్డిని చూసి, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడుగుతారు. ఎవరిదీ కాదంటాడు యేసు. అక్కడ ఆగివుంటే ఎంత బాగుండేది! దేవుని క్రియలు వెల్లడి కావడానికే అని కూడా అంటాడు. అందుకోసం ఒక మనిషి అన్నేళ్లు చీకట్లో ఉండాలా? నాకిది మింగుడుపడదు. ఈ మాటే ఆవిడతో అన్నాను.

"నా దేవుడు జబ్బు పంపినోడు కాడు బావూ. సిలవ మీద ఆడూ ఏడిసినోడే" అంది.

సర్వశక్తిమంతుణ్ణి ఖండించే వాదాలు నా దగ్గర దండిగా ఉన్నాయి. పక్కన కూర్చుని ఏడ్చే దేవుణ్ణి ఏ వాదంతో ఖండించను? ఆయన నీళ్లు పరీక్ష చేయించడు, ఆసుపత్రి కట్టించడు, నిజమే. మతం మత్తుమందని మనం అంటాం. కాని 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరవకముందు, దానికోసం అర్జీ పట్టుకున్నవాళ్ల వరసలో ఆవిడ నిలబడింది, మాకంటే ముందు.