పూర్వుల భోజనము – పూర్వుల నడవడి

విస్తరి ముందు కూర్చుండి, అన్నమునకు నమస్కరించి, భగవంతుని స్మరించి భుజించుట పెద్దల ఆచారము. ఆ పెద్దలు తినిన తిండినే తినవలెను, వారి జీవనవిధానమునే అవలంబింపవలెను అను కోరిక నేడు పలువురిలో కలుగుచున్నది. కొర్రలు, సామలు, అరికెలు మరల అంగళ్ళలో కనబడుచున్నవి. భారతదేశము ప్రతిపాదింపగా ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. మధుమేహము ఇంటింటి వ్యాధియైన ఈ దినములలో ఈ కోరిక శ్లాఘనీయమే. కాని పూర్వులను అనుసరించుట యనగా వారి ధాన్యమును అనుసరించుటయా, వారి నడవడిని అనుసరించుటయా? ధర్మజిజ్ఞాస గలవారు విచారింపదగిన ప్రశ్న ఇది.

తెనాలి, బాపట్ల, రేపల్లె సీమనే తీసికొని చూడవచ్చును. ఇచ్చట పూర్వుల ఆహారము ఏది? కృష్ణానదిపై బెజవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తియైనది. కాలువలు పారిన పిదపనే ఈ సీమ వరిమాగాణిగా ప్రసిద్ధి కెక్కినది. అంతకు పూర్వము పెక్కు గ్రామములలో జొన్న మొదలగు మెట్టధాన్యములు సామాన్యుల ఆకలి తీర్చెడివి. వాన కురియని యేడు అవియును లేవు. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు మండలమున సంభవించిన ఘోరక్షామమును ప్రజలు డొక్కల కరవు అని పిలిచిరి. లక్షకు మించిన జనము అందు నశించిరి. కావున నాటివారి మితాహారము కొంత వ్రతము, కొంత లేమి. లేమిని వ్రతమని పొగడుట ఆకలిగొన్నవారి యెడ న్యాయము కాదు.

కాలువలు వచ్చిన పిదప జనించిన తరముల పూర్వాహారము రోకటి దంపుడు బియ్యము. తరువాత మరలు వచ్చినవి. మరపట్టిన బియ్యము మల్లెపూవువలె తెల్లనైనది గాని, తవుడుతో పాటు దానిలోని సారము పోయినది. వరియన్నమే ప్రధానమైన తెలుగు కోస్తా జిల్లాలలో బెరిబెరి వ్యాధి కనిపించుటకు ఇది ముఖ్యకారణము. ఆ వ్యాధిని పరిశోధించుటకై 1918లో కూనూరులో మెక్కారిసన్ అను వైద్యుడు ప్రారంభించిన చిన్న కేంద్రమే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా విలసిల్లుచున్నది. 1934లో గాంధీమహాత్ముడు స్థాపించిన గ్రామపరిశ్రమల సంఘము సైతము దంపుడు బియ్యమును ప్రోత్సహించినది. కావున పెద్దల తిండిలో గుణము కలదనుట అంధవిశ్వాసము కాదు.

అయినను ఇచ్చట ఒక చిక్కు కలదు. తెనాలి ప్రాంతమున ఒక గృహమును భావింపవచ్చును. మధుమేహపీడితుడైన మనుమడు, "నాయనమ్మా, ఇకమీదట మన ఇంట్లో దంపుడు బియ్యమే వండాలి. మీ కాలంలో అదే కదా తిన్నారు?" అనును. ఆ వృద్ధురాలు నవ్వి, "తిన్నాం నాయనా. కాని దంపింది మేము. కోడి కూయకముందే రోకలి పట్టేవాళ్ళం. మగవాళ్ళూ పిల్లలూ తిన్నాక అడుగున మిగిలింది మా విస్తట్లో పడేది. అదీ మళ్ళీ తెస్తావా?" అని అడిగినచో అతడేమని బదులు చెప్పును?

ఆ ప్రశ్నను దాటి పోవుటకు వీలులేదు. పూర్వుల ఆరోగ్యము వెనుక స్త్రీల వెన్నునొప్పి యున్నది. పొలములో పంట పండించినవానిని పంక్తికి దూరముగా కూర్చుండబెట్టిన కట్టుబాటు కూడ పూర్వులదే. పాతదగుట చేతనే ఒక ఆచారము ధర్మము కాజాలదు. ఏ ఆచారము దేహమునకు హితమై, ఇతరులకు పీడ కలిగింపక, దైవచింతనకు తోడ్పడునో అదియే గ్రాహ్యము. తక్కినది పెద్దలదైనను త్యాజ్యమే. ఆ మనుమడు తానే వంటయింట చేయి కలిపి, నాయనమ్మకు ముందుగా వడ్డించి, తరువాత తాను భుజించినచో పూర్వుల మంచిని నిలిపినవాడగును. వారి లోపమును దిద్దినవాడును అగును.

శ్రీకృష్ణ భగవానుడు గీత ఆరవ అధ్యాయమున అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని బోధించెను. యుక్తమైన ఆహారము, యుక్తమైన విహారము కావలెనని ఆదేశించెను. యుక్తమనగా వయస్సునకు, పనికి, ఋతువునకు తగినది. ప్రొద్దుటనే చద్దన్నము తిని సాయంకాలము వరకు నాగలి పట్టినవానికి అది యుక్తము. అదే చద్దన్నమును కడుపార తిని దినమంతయు కుర్చీలో కూర్చుండువానికి అది యుక్తము కాదు. అట్లే వైద్యుడిచ్చిన మందును మాని, కొర్రన్నమే ఔషధమని మొండిపట్టు పట్టుటయు పితృభక్తి కాదు.

పూర్వులు ఏమి తినిరో విచారించువారు వారు ఎప్పుడెప్పుడు తినక మానిరో కూడ విచారింపవలెను. ఏకాదశినాడు ఉపవాసము. చాతుర్మాస్యమున నెలకొక పదార్థమును విడుచు నియమము. ఉగాదినాడు వేపపూవు చేదును ఇష్టముతో స్వీకరించుట. కార్తికమున ఉసిరిచెట్టు నీడలో అందరును కలిసి భుజించుట. ఈ నియమములు జిహ్వకు యజమాని కలడని నేర్పినవి. చిరుధాన్యమును మూడుపూటల మితిమీరి తినుటలో ఈ శిక్షణ లేదు.

మరియొక హెచ్చరిక. పూర్వాహారమును చేపట్టినవారికి అహంకారము కలుగుట సులభము. చౌకడిపో బియ్యము వండుకొను పేదవానిని చూచి, "అది విషము" అని యీసడించుట పాపము. బాపట్ల పరిశోధన కేంద్రమున రూపొంది 1986లో విడుదలయైన సాంబ మసూరి ఎన్ని లక్షల కుటుంబములకు అన్నము పెట్టినదో తలంచినచో, ఆ తెల్లని మెతుకును తిట్టుటకు నోరు రాదు. అన్నమును నిందింపరాదని తైత్తిరీయోపనిషత్తు విధించుచున్నది. దోషము మెతుకులో కంటె మితి లేకపోవుటలో ఎక్కువ.

శ్రీరామనవమినాడు దేవాలయమున ప్రసాదము పంచు దృశ్యము అందరికిని పరిచితమే. బెల్లము, మిరియములు, ఏలకులు కలిపిన పానకము, నానబెట్టిన పెసరపప్పు. అది మొదట స్వామికి నివేదింపబడును. పిదప ధనికునికిని, దరిద్రునికిని, స్త్రీకిని, పురుషునికిని అదే దోసిటి కొలత. ఎవరును ఎక్కువ అడుగరు, ఎవరును లేదనిపించుకొనరు. నివేదన, మితము, సమముగా పంచుట – ఈ మూడును గృహమున ప్రతిదినము నిలుపుకొన్నవాడు, విస్తరిలో కొర్రన్నమున్నను, వరియన్నమున్నను, పూర్వుల బాటలోనే నడచుచున్నాడు. అట్టి గృహమున అన్నపూర్ణ స్థిరముగా నివసించును.