తొలి పండు

మానవుడు స్వభావముచేతనే సుఖాభిలాషి. సుఖమును కోరుట దోషము కాదు. వస్తువులు పెరిగినకొలది సుఖము పెరుగునని భ్రమించుటయే దోషము. బలిచక్రవర్తి కోరినది ఇత్తుననగా, వామనమూర్తి మూడడుగుల నేలను మాత్రమే అడిగెను. అంతమాత్రమున తృప్తి నొందనివానికి ద్వీపమే లభించినను తృప్తి కలుగదని పలికెను. భాగవతము అష్టమస్కంధమున నున్న ఈ ఘట్టము మనమందరము ఎరిగినదే. కాని, ఆ తృప్తి అలవడుట ఎట్లు?

భద్రాచలమునకు తూర్పున, శబరీనదీ తీరమున చింతూరు ఉన్నది. 2014 వరకు అది ఖమ్మం జిల్లాలోనిది. రాముని రాకకై ఎదురుచూచిన తపస్విని పేరు దాల్చిన ఆ నది కూనవరము వద్ద గోదావరిలో కలియును. ఈ అడవులలో నివసించు కోయలలో ఒక ఆచారము కలదు. మామిడి కాపునకు వచ్చినను, కొత్త పంట చేతికి వచ్చినను, దైవమునకు సమర్పించి ఊరంతయు పండుగ చేసికొననిదే దానిని తినరాదు. పండు చేతికందు కొమ్మననే ఉండును. చేయి మాత్రము నిలిచిపోవును.

మన ఇండ్లలోని నివేదనము ఇట్టిది కాదా? వంట రుచి చూడక స్వామికి అర్పించి, పిదప ప్రసాదముగా స్వీకరింతుము. అన్నము మారలేదు, ‘నాది’ అను భావము ‘ఆయన ఇచ్చినది’ అని మారినది. వేచియుండుటచే రుచి, అర్పించుటచే కృతజ్ఞత, పంచుకొనుటచే ప్రేమ కలుగుచున్నవి. నియమము సుఖమునకు శత్రువు కాదు, కాపలాదారు.

“లేమిచే కలిగిన ఓర్పునే తృప్తి యందురా?” అని కొందరు ప్రశ్నింపవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. లేనివాని ఆకలి తృప్తి కానేరదు. అందుబాటులో నున్నదానియెడ తనంతట తాను నిలుచుటయే తృప్తి. కనుక ఈ గుణమును ముందుగా అభ్యసింపవలసినవాడు కలిగినవాడే. వైద్యమునకును చదువునకును నోచుకొనని అడవిబిడ్డను చూచి, “వారెంత అల్పసంతోషులు!” అని మెచ్చి మరలిపోవుట భక్తి కాదు, అది మన లోభమునకు వెదకుకొన్న సాకు.

పదునేడవ శతాబ్దమున గోపన్న భద్రాద్రిపై ఆలయము కట్టించుటకు పూర్వమే, పోకల దమ్మక్క యను కోయ భక్తురాలు రామునకు తాటిపండ్లు నివేదించెనని స్థలగాథ. నగలు తరువాత వచ్చినవి. మొదట వచ్చినది పండు. ఆకైనను, పువ్వైనను, పండైనను, నీరైనను భక్తితో నిచ్చినచో గ్రహింతునని గీతాచార్యుని అభయము కదా!

కావున, ఈ ఏడు ఇంటికి తొలి మామిడిపండు వచ్చిననాడు ఒక్క నిమిషము ఆగుదము. స్వామికి చూపి, ఇంటిల్లిపాదికి పంచి, ఒక ముక్కను గడపలో నిలిచినవానికి కూడ ఇత్తము. మిగిలిన చిన్న ముక్కలో ఎంత మాధుర్యమున్నదో అప్పుడు నాలుకయే చెప్పును. అట్టి బుద్ధిని ఆ శబరీవరదుడు మనకు ప్రసాదించుగాక!